రెండో ఆదివారం గుమాస్తా

మూడు దాటి ఐదు నిమిషాలు. హన్మకొండ నుంచి వనజ ఎక్కి వచ్చే బస్సు నాలుగింటికి గాని జనగామ బస్టాండులోకి రాదని తెలుసు, తెలిసీ గంట ముందే వచ్చి కూర్చున్నాను, ఇంట్లో ఉంటే మాత్రం ఏం చేసేవాణ్ని, అద్దం ముందు నిలబడి చొక్కాలు మార్చుకునేవాణ్ని. ఇవాళ నిజం చెప్పాలి. పదకొండు నెలల అబద్ధాన్ని ఒక్క సాయంత్రంలో విప్పాలి. కారు గేటు బయట చెరుకురసం బండి పక్కన పెట్టాను, ఇక్కణ్నుంచి దాని తెల్లటి ముందుభాగం కనిపిస్తూనే ఉంది. వనజకు తెలిసినంతవరకు నాకు కారు లేదు. నేను రాంచందర్‌ని, మహబూబాబాద్‌లో, మా వాడుకలో మానుకోటలో, మిర్చి మార్కెట్లో ఎవరో సేటు దగ్గర పద్దెనిమిది వేల జీతానికి పనిచేసే గుమాస్తాని, ఒంటరిగా అద్దె గదిలో ఉండేవాణ్ని, నెలకోసారి రెండో ఆదివారం నాడు రైలెక్కి జనగామ వచ్చేవాణ్ని. అసలు సంగతేమంటే ఆ సేటును నేనే. పేరు ఉమేష్. మా నాయిన ఈశ్వరయ్య పెట్టిన అడ్తి కొట్టు అది, రైతులు తెచ్చిన మిర్చి బస్తాలు మా కొట్టు ముందు దించుకుని, కొనేవాళ్లకు చూపించి, ధర కుదిర్చి, కాంటా వేయించి కమిషన్ తీసుకోవడం మా పని. నాయినకు మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి గద్దె మీద కూర్చునేది నేనే. ముప్పై ఆరేళ్లు వచ్చాయి, పెళ్లి కాలేదు. జనగామ ఎందుకంటే ఇక్కడ నన్ను సేటూ అని పిలిచేవాడు ఒక్కడూ లేడు. ఆమెకూ ఇక్కడ ఎవరూ లేరు. ఇద్దరికీ ఏమీ కాని ఊరు, అందుకే మాది అనుకున్నాం.

సిమెంటు బెంచీ కాలుతోంది, రుమాలు పరుచుకుని కూర్చున్నాను, గుమాస్తా అయితే పరుచుకునేవాడు కాదేమో. మైకులో ఆడగొంతు సిద్దిపేట బస్సు గురించి ఏదో చెబుతోంది. ఎండ పూర్తిగా ముదరకముందే ఇంత ఉక్కపోత. కుడిచేతి ఉంగరం వేలికి బిగుసుకుంటోంది, చెమట పట్టినప్పుడల్లా ఇంతే. ఇవాళ తీయలేదు దాన్ని. వచ్చిన ప్రతిసారీ కాజీపేట దాటగానే మెడలో గొలుసూ వేలి ఉంగరమూ తీసి రుమాల్లో మూటకట్టి ప్యాంటు లోపలి జేబులో పెట్టుకునేవాణ్ని. మొదటిసారి కలిసినప్పుడు, అదిగో ఆ హోటల్లోనే, టీ గ్లాసు పట్టుకున్న నా చేతిని వనజ చాలాసేపు చూసింది. భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు ఆమె, రోజంతా చేతుల్లో నరాలు వెతికే మనిషి, ఆమె దగ్గర చేతులు దాచడం కుదిరే పని కాదు. "గీ వేలికి తెల్లగ గీత ఉన్నదేంది? ఉంగరం ఉండేనా? నీకు పెండ్లయిందా, నిజం చెప్పు," అంది. పెళ్లి కాలేదన్నాను, అది నిజమే. ఉంగరం తాకట్టులో ఉందన్నాను. "అయ్యో," అంది. అంతే, ఒక్క మాట, ఆ తెల్ల గీతను వేలితో ముట్టుకుని. ఆ ఉంగరం కొన్న రోజు కూడా నాకు అంత సంతోషం కలగలేదు. వెనక్కి వెళ్తూ రైల్లో అనుకున్నాను, ఇన్నాళ్లకు ఒకరు నా చేతిని చూశారు, బంగారాన్ని కాదు. అప్పుడు ఆ చేతికి బంగారం లేదు కాబట్టి చూసింది, ఉంటే దేన్ని చూసేదో నాకెలా తెలుస్తుంది? ఇది నా రోగం. సంతోషం వచ్చిన పది నిమిషాలకు దాన్ని తలకిందులు చేసి అడుగున ఏముందో చూస్తాను.

రోగం వృత్తిది. మిర్చి బస్తా మూతి విప్పగానే పైన కనిపించేవి ఎప్పుడూ ఎర్రగా నిగనిగలాడతాయి, పదేళ్ల వయసులోనే నాయిన నాకు చెప్పాడు, పైకాయ చూడకురా, చెయ్యి మోచేతి దాకా పోనియ్యి, అడుగు కాయ తియ్యి. అలాగే నేర్చుకున్నాను. అడుగు కాయ తీసి, నొక్కి చూసి, చెవి దగ్గర ఊపి గింజల చప్పుడు విని, విరిచి, వాసన చూసి పారేయడం. నా కాళ్ల దగ్గర సాయంత్రానికి విరిచిన కాయలు పరుపులా పడి ఉంటాయి. మనుషుల్నీ అలాగే చూడాలని నాకు నేనే నిర్ణయించుకున్నాను, అందుకు సాయిప్రియ కారణమని ఇంతవరకు చెప్పుకుంటూ వచ్చాను. ఏడేళ్ల కిందటి మాట. హన్మకొండ సంబంధం, మా వాళ్లే, చీరల దుకాణం వాళ్లు. అప్పటికే పదమూడు సంబంధాలు తప్పిపోయాయి నాకు, ఈ కాలంలో కొట్టు మీద కూర్చునే వాడికి పిల్లనిచ్చేదెవరు, ఎంత ఆస్తి ఉన్నా సరే, పిల్లలందరికీ హైదరాబాదులో కంప్యూటర్ ముందు కూర్చునే మొగుడు కావాలి, మిర్చి ఘాటు కొట్టే చొక్కా అక్కర్లేదు. సాయిప్రియ మాత్రం సరేనంది. మూడు నెలలు రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం, నవ్వితే ఎక్కిళ్లు వచ్చేవి ఆ పిల్లకు. అప్పుడు మా సరుకున్న గోదాము కాలిపోయింది. ఈశ్వరయ్య సేటు మునిగాడని ఊరంతా పాకింది. వారం తిరక్కుండా సాయిప్రియ ఫోను ఆగిపోయింది. తర్వాత బీమా వచ్చింది, మేం లేచి నిలబడ్డాం, అప్పటికి ఆమె మరొకరి భార్య. అప్పట్నుంచి డబ్బు మాట తప్ప నాకు ఇంకేమీ వినబడలేదు. ఫోన్లో ఒక గడ్డమాయన వీడియోలు వచ్చేవి, ఆడవాళ్లు డబ్బును చూస్తారు, మగవాళ్లు అందాన్ని చూస్తారు, ఇది ప్రకృతి, బాధపడటం దండగ అని పెద్ద గొంతుతో చెప్పేవాడు. బస్తాల మీద కాళ్లు చాపుకుని అవన్నీ చూసేవాణ్ని. ఆయనకు పెళ్లయిందో లేదో ఎప్పుడూ చెప్పలేదు.

మూడూ ఇరవై. మజ్జిగ ప్యాకెట్ కొన్నాను, చల్లగా లేదు. ఎదురు బెంచీ మీద ఒక ముసలామె మనవరాలికి జడ వేస్తోంది, పళ్లతో రిబ్బను పట్టుకుని. రాంచందరన్న భార్య మనోరమ వదిన అలాగే పళ్లతో టిఫిను గుడ్డ ముడి విప్పుతుంది. అవును, రాంచందర్ నేను కల్పించిన పేరు కాదు. ఆయన నిజంగానే ఉన్నాడు, మా కొట్టులో ఇరవై ఎనిమిదేళ్లుగా గుమాస్తా, యాభై దాటిన మనిషి. మధ్యాహ్నం ఒంటిగంటకు మనోరమ వదిన ఎండలో నడిచి వచ్చి టిఫిను తెస్తుంది, పొద్దున్నే కట్టి పంపవచ్చు కదా అంటే చల్లారిపోతుంది అంటుంది. ఆయన తింటుంటే పక్కన కూర్చుని తిడుతుంది. "ఉప్పు తక్కువైందని చెప్పవేంది? మూగోనివా? నిన్న గూడ చెప్పలె," అంటుంది. ఆయన నవ్వుతూ తింటాడు. నేను గద్దె మీద కూర్చుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ ఆ తిట్లన్నీ వింటాను. మా ఇంట్లో వంటామె ఏసీ గదిలో మూతపెట్టిన పళ్లాలు పెట్టి వెళ్తుంది, ఉప్పు తక్కువైందని చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు. ఈ మనిషికి ఏముందని ఆమె ఎండలో వస్తుంది? ఏమీ లేదు కాబట్టే వస్తుంది, ఇదీ నేను తేల్చుకున్న లెక్క. ఏమీ లేనివాడికే నిఖార్సయిన ప్రేమ దొరుకుతుంది, మాలాంటి వాళ్లకు వచ్చేది పైకాయ. ఇప్పుడనుకుంటే నవ్వొస్తోంది, ఉప్పు గురించి అడిగినప్పుడు ఆయన ఆమె ముఖం వంక ఎలా చూస్తాడో నేను లెక్కలోకి తీసుకోలేదు. ఫోన్లో ఆ పరిచయాల యాప్ వేసుకున్న రోజు, పేరు అని అడిగిన చోట నా వేళ్లు వాటంతట అవే రాంచందర్ అని కొట్టాయి. ఫోటో నాది, పేరూ జీతమూ గదీ ఆయనవి. పెళ్లాన్ని తప్ప ఆయన బతుకంతా ఎత్తుకొచ్చాను.

యాప్‌లో నేనేమన్నా తక్కువ తిన్నానా? వేలితో ఒక్కో ముఖాన్నీ పక్కకు నెట్టాను, రంగు లేదు, ఎత్తు లేదు, నవ్వు బాగాలేదు, కాయ విరిచినంత తేలికగా. ఆడవాళ్లు డబ్బు చూస్తారని ఏడ్చిన నోటితోనే. వనజ ఫోటోలో నర్సు డ్రెస్సు వేసుకుని ఉంది, అలసిపోయి నవ్వుతోంది, కళ్లు బాగున్నాయని ఆగాను. ఆ కళ్ల కోసమే ఆగాను, ఇది ఒప్పుకోవాలి. ముప్పై మూడేళ్లు ఆమెకు, ఒక సంబంధం నిశ్చయమై తప్పిపోయిందని మొదటి వారమే చెప్పింది, దాపరికం లేదు. "మాది నెల్లికుదురు దిక్కు పల్లె, బాపు ఎవుసం చేస్తడు," అని కూడా చెప్పింది. ఏం పంట అని నేను అడగలేదు. అడిగితే మాట మార్కెట్ మీదికి పోతుంది, మార్కెట్ మీదికి పోతే నోరు జారతాను, అందుకని వాళ్ల నాన్న పేరు కూడా అడగలేదు. పదకొండు నెలలు. ప్రతి రాత్రీ ఆమె డ్యూటీ దిగాక అరగంట ఫోను. ఏ పేషెంటు ఎలా ఉన్నాడో చెబుతుంది, తిన్నావా అంటుంది, ఏం కూర అంటుంది, గుమాస్తా వండుకునే కూరలు నేను కల్పించి చెబుతాను, ఒకసారి వంకాయలో చింతపండు ఎంత వేశావని అడిగితే తడబడిపోయాను.

పైగా పరీక్షలు పెట్టాను. ఆ మాట నాలో నేననుకుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి. రెండో నెల పర్సు మరిచిపోయానన్నాను, ఏం చేస్తుందో చూద్దామని. బిర్యానీకి ఆమే ఇచ్చింది, "మర్లి పొయ్యేటప్పుడు టికెట్‌కు ఉన్నయా? నాకంటే జీరో టికెట్, నీకెట్ల?" అని చేతిలో వంద పెట్టింది. ఆడవాళ్లకు ఉచిత బస్సు లేకపోతే ఈ ప్రేమ పరకాల కూడా దాటకపోయేదని నవ్వుకునేవాళ్లం. నాలుగో నెల తెగిన చెప్పులతో వచ్చాను, కావాలనే. పక్కనున్న కుట్టేవాడి దగ్గరకు నన్ను లాక్కుపోయి, కుట్టినంతసేపూ నా కాలు ఎండకు కాలకుండా తన చెప్పు నా కాలి కింద పెట్టింది. ఒంటికాలి మీద నిలబడి నవ్వింది. అది చాలలేదు నాకు. పోయిన నెల, ఇదే బెంచీ మీద, సేటు నన్ను పనిలోంచి తీసేస్తున్నాడని చెప్పాను. చెప్పి ఆమె ముఖం చూశాను, ఎక్కడైనా ఒక గీత మారుతుందేమోనని, గింజల చప్పుడు వినేటప్పుడు చూసినట్టు చూశాను. ముఖం మారలేదు. కాసేపు ఆలోచించింది. "పరేషాన్ గాకు. మా దవాఖాన మందుల కౌంటర్ల మనిషి కావాలంటున్నరు. మేనేజర్‌తోటి నేను మాట్లాడ్త. మనోడే అని చెప్తా," అంది. చెప్పింది కూడా. నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసి, పదిహేను వేలు ఇస్తారట, ఏమవుతాడు నీకు అని మేనేజర్ అడిగితే చేసుకోబోయేవాడు అని చెప్పానని సిగ్గుపడుతూ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది సంతోషం వల్లేననుకున్నాను. పరీక్ష అయిపోయింది, వనజ నెగ్గింది, ఇక కారులో వెళ్లి ఉంగరంతో సహా నిజం చెప్పేయాలి, ఆమె ఏడుస్తుంది, నవ్వుతుంది, ఇదంతా రాసిపెట్టినట్టు కళ్ల ముందు కనిపించింది. ఆశ్చర్యంతో నోరు తెరిచే ఆమె ముఖం ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు.

మూడూ నలభై. ఇవాళ మధ్యాహ్నం నెల్లికుదురు మీదుగానే కారులో వచ్చాను. రోడ్డుకు రెండు వైపులా కళ్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది, ఇందులో ఏదో ఒక పల్లె ఆమెది అనుకున్నాను, ఏదో తెలియదు. తొర్రూరు దాటాక అనుమానం మొదలైంది. మూడు వారాలుగా వనజ ఫోన్లు తగ్గాయి. డ్యూటీ ఎక్కువైంది అంటుంది. ఏం కూర అని అడగటం మానేసింది. మంగళవారం నేను, ఆదివారం వస్తున్నవా అని మెసేజ్ పంపితే, వస్త అని ఒక్క ముక్క. మందుల కౌంటర్ మాట ఎత్తటం లేదు. నేను ఎప్పుడు చేరతానో చెప్పకపోతే కోపం వచ్చిందేమో. రానీ, ఇంకో ఇరవై నిమిషాలు, కారు చూపిస్తే కోపం ఎక్కడికి పోతుందో. అనుకోవడమైతే అనుకున్నాను. కారు చూపిస్తే కోపం పోయే మనిషి నాకు కావాలా, వద్దా? పోతే డబ్బును చూసిందంటాను. పోకపోతే? ఈ పరీక్షకు పాసయ్యే దారే లేదు, పెట్టినవాడిని నేను, నాకే ఇప్పుడు తెలిసింది.

మూడు వారాలుగా నేను మాత్రం ఏం బాగున్నాను, సీజను నడుమ ఊపిరి తీసుకునే తీరిక లేదు. యార్డు నిండా ఎర్రటి దుమ్ము, హమాలీల దగ్గు, కూలీల దగ్గు, వచ్చిన ఆడవాళ్లంతా కళ్లు తప్ప కనపడకుండా ముఖాలకు చున్నీలు కట్టుకుని ఉంటారు, ఎవరెవరో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఒక్కొక్కరోజు మూడు వందల బస్తాలు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఆ రైతు ధర అంటాడు, ఈ రైతు కాంటా అంటాడు, ఇంకెవరో నీళ్లంటారు. కొట్టు మూలన కుండ పెట్టించాను కదా, చూసి తాగొచ్చు, అదీ నేనే చెప్పాలి. ఒక ముసలి రైతు అయితే విసుగు తెప్పించాడు, మెడ చుట్టూ నీలం తువ్వాలు, నేను కాయ విరిచి పారేసినప్పుడల్లా వంగి ఆ ముక్కలు ఏరి మళ్లీ బస్తాలో వేస్తున్నాడు. అయిదు కాయలు విరిస్తే అయిదూ ఏరాడు. "ఏం పెద్దాయనా, నాలుగు కాయలకు మునిగిపోతవా?" అన్నాను నవ్వుతూ, సరుకు కొనడానికి వచ్చిన ఖరీదుదార్లు కూడా నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, ఏరడం ఆపలేదు. సరుకు మంచిదే. తేమ ఉందన్నాను, కొంచెం ఉంది కూడా. ఆయన ఎందుకు గుర్తొస్తున్నాడు ఇప్పుడు? ఆ నీలం తువ్వాలు వల్ల కావచ్చు, ఎదురుగా జడ వేసే ముసలామె చీర అదే రంగు.

సాయిప్రియ ఫోను ఆగిపోయిందని చెప్పాను. అది పూర్తి నిజం కాదు. గోదాము కాలిన మర్నాడు ఆమె చేసింది, నేను ఎత్తలేదు. నాయిన ఏడుస్తున్నాడు, పోలీసులున్నారు, ఎత్తలేదు. రాత్రి మళ్లీ చేసింది, అప్పుడు మాత్రం ఫోను చేతిలోనే ఉంది, మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. మూడోసారి చేస్తే ఎత్తుదామనుకున్నాను. మూడోసారి చేస్తేనే నిజమైన ప్రేమ అని ఎందుకనుకున్నానో నాకే తెలియదు. ఆమె చేయలేదు. నేను కూడా చేయలేదు, వారం రోజులు చూశాను, తర్వాత అందరికీ ఆమె మానేసిందని చెప్పాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. ఎక్కిళ్లు వచ్చేలా నవ్వే పిల్ల, రెండుసార్లు ఫోన్ చేసి ఎత్తకపోతే ఏమనుకుని ఉంటుంది? దివాళా తీసినవాడు తనను వద్దనుకున్నాడని అనుకుని ఉంటుంది. ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఈ వైపు నుంచి ఆలోచించలేదు. భయమేస్తోంది నాకు. బస్టాండులో ఇంతమంది ఉండగా, పట్టపగలు. నాకెవరూ లేరు. డబ్బుందని ఎవరూ రాలేదు, డబ్బు లేదనీ ఎవరూ పోలేదు, వచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి ఎందుకొచ్చారని అడిగింది నేనే.

మైకు హన్మకొండ అంది. బస్సు మూలుగుతూ వచ్చి ఆగింది, మొదట పిల్లలు, తర్వాత మూటలు, తర్వాత వనజ. ఆకుపచ్చ చుడీదారు, భుజాన సంచి, చెమటకు నుదుటికి అతుక్కున్న జుట్టు. చూడగానే అన్నీ మరిచిపోయి లేచి నిలబడ్డాను. ఆమె వచ్చి బెంచీ మీద కూర్చుంది, మా మధ్య సంచి పెట్టుకుంది. ఎప్పుడూ ఒళ్లో పెట్టుకునేది. నా చేతి వంక చూసింది. ఉంగరం దగ్గర చూపు ఆపి, తర్వాత గేటు వైపు తిప్పింది.

"వనజా, నీకొకటి చెప్పాలె," అన్నాను.

"గేట్ కాడున్న తెల్ల కారు గురించా?"

"నీకెట్ల తెలుసు?"

"మీ కొట్టు ముంగట చూసిన." ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "మూడు వారాలాయె. ఎప్పుడూ బాపు సరుకు వరంగల్ పట్టుకపోతుండె. నేనే అన్న, మానుకోటకు పోదాం బాపూ, నాకు తెలిసినాయన ఉన్నడు ఆడ, మనల్ని మంచిగ చూస్కుంటడు అని. లీవు పెట్టుకొని బస్తాల మీద కూసోని వచ్చిన. గుమాస్తా రాంచందర్ ఏ కొట్టుల ఉంటడని యార్డంత అడిగిన. అందరు మీ కొట్టే చూపెట్టిండ్రు."

నీలం తువ్వాలు. వంగి కాయలు ఏరుతున్న చేతులు.

"ఘాటుకు మొకానికి చున్ని కట్టుకున్న. గద్దె మీద నువ్వు కూసున్నవ్. నాకు మస్తు నవ్వొచ్చింది ఫస్టు. సేటు లేడు గావచ్చు, సేటు సీట్ల కూసొని షోకు చేస్తున్నడు అనుకున్న. గంతల నిన్ను సేటూ అని పిలిచిండ్రు. నువ్వు కాయ ఇర్సి పారేసినవ్. మా బాపు ఏరుతుంటే నవ్వినవ్."

"వనజా, ఆయన మీ బాపు అని నాకు తెల్వదు గదా..."

"తెల్వది. గదే చెప్తున్న," అంది. "దగ్గరికొచ్చి నిలవడ్డ. సేటూ, నీళ్లున్నయా అని అడిగిన. రోజు రాత్రి ఫోన్ల ఇనే గొంతే గద, గుర్తువడ్తవేమో అనుకున్న. తలకాయెత్తి చూసినవ్ గూడ. కుండ దిక్కు ఏలు చూపెట్టినవ్. కుండల నీళ్లు లేకుండె. ఒక పెద్దమనిషి లేచొచ్చి ఆయన సీసా ఇచ్చిండు, తాగు బిడ్డా అన్నడు. పేరేందన్నా అని అడిగిన. రాంచందర్ అన్నడు."

నేను అప్పుడు చెప్పాను, ఉన్నదంతా, ముక్కలు ముక్కలుగా. భయపడ్డానన్నాను. డబ్బు కోసం వస్తారని భయం, డబ్బు లేనివాడిలా వచ్చి చూద్దామనుకున్నాను, నువ్వు మంచిదానివని తేలింది అన్నాను. తేలింది అన్న మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే వినబడింది.

"పైసలు నేను గూడ చూస్త," అంది వనజ. "ఎందుకు చూడ? రెండెకరాల రైతు బిడ్డను. నువ్వు సేటువని మొదాలే చెప్తే ఇంకింత సంబురమే పడుదు. అండ్ల తప్పేమున్నది? మంచిగ ఉండాలని ఎవలకుండది? గానీ నువ్వు సుత నాకు నచ్చినవ్, గా తెగిన చెప్పులోడు. గా సేటు, గా చెప్పులోడు ఇద్దరు ఒక్కలే అయితే బాగుండు అనుకున్న. మూడు వారాలు గదే అనుకున్న." సంచి జిప్పు తెరిచి మళ్లీ వేసింది. కళ్లు తడిగా ఉన్నాయి, తుడుచుకోలేదు. "మేనేజర్‌కు చెప్పిన, మనోడు వస్తలేడు సార్ అని. ఏమాయె అన్నడు. ఏం చెప్పాలె నేను?"

"మళ్ల మొదటి నుంచి..." అన్నాను. "ఉమేష్ అని. నా పేరు ఉమేష్."

ఆమె లేచింది. తిరుగు బస్సు అప్పుడే అవతలి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఆగింది. పదకొండు నెలలుగా రామూ అని పిలిచిన మనిషి నా ముఖంలోకి కొత్తవాణ్ని చూసినట్టు చూసింది.

"రాంచందర్ పేరు ఆయనది ఆయనకిచ్చెయ్యుండ్రి," అంది. "మంచి మనిషి. పోయొస్త సేటు."

ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని బస్సెక్కింది. కండక్టరు జీరో టికెట్ కొట్టాడు, కిటికీ వైపు కూర్చుంది, ఇటు చూడలేదు. బస్సు వెళ్లిపోయింది. నేను బెంచీ మీదే ఉన్నాను, నాలుగూ ఇరవై అయింది, మైకులో అదే ఆడగొంతు మరో ఊరి పేరు చెబుతోంది. పరిగెత్తాల్సింది, కారు ఉంది కదా, స్టేషన్ ఘన్‌పూర్ లోపే బస్సును దాటొచ్చు, దాటి ఏం చెబుతాను? కళ్లు మూసుకున్నాను. ఆ రోజు కొట్టు ముందు నిలబడిన చున్నీ మనిషిని చూడాలని ప్రయత్నిస్తున్నాను. ఆ కళ్ల కోసమే కదా నేను వేలు ఆపింది. చున్నీ పైన ఉన్నవి ఆ కళ్లే, నా వైపు చూసినవి, గుర్తుపడతాడని ఎదురుచూసినవి. దుమ్ము గుర్తొస్తోంది, నీలం తువ్వాలు గుర్తొస్తోంది, ఖరీదుదార్ల నవ్వు గుర్తొస్తోంది. కళ్లు గుర్తు రావడం లేదు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్లినా ఖాళీ కుండ వైపు చాచిన నా వేలు, దానికున్న ఉంగరం, అంతే కనిపిస్తున్నాయి.